పుట్టని డాక్టరమ్మ, పోయిన ఏరు

కాన్యో ఓందో ఊరికి పద్దెనిమిదేళ్ళపాటు వైద్యం చేసిన డాక్టరమ్మ అసలు పుట్టనేలేదు. పుట్టకుండానే ఆవిడ నాలుగు వందల పాటలు కట్టింది, ముగ్గురు తాగుబోతుల చేత రమ్ము మాన్పించింది, ఒక పోలీసు జవాను చేత నడివీధిలో కన్నీళ్ళు పెట్టించింది. సరే, నాలుగు వందలంటే కొంచెం నోరు జారింది. పట్టి పట్టి లెక్కేస్తే ముప్ఫైయేడు. తాగుబోతుల్లో ఇద్దరు పండగ రాగానే మళ్ళీ మొదలుపెట్టారు. జవాను కంట్లో పడింది దుమ్మేనని వాళ్ళావిడ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. కానీ డాక్టరమ్మ పుట్టలేదన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అక్షరాలా అంటే మూడే అక్షరాలు. ఆ మూడు అక్షరాల్లోంచి ఆవిడను పుట్టించినవాడు రొసెందో విల్యాదియేగో, దోన్ నజీబ్ గారి మందుల షాపులో గుమాస్తా.

రొసెందో ఆ ఊరివాడు కాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో కొరొజాల్ నుంచి ఒక బట్టల పెట్టె, ఒక గ్రామఫోను పట్టుకుని దిగాడు. చిన్నప్పుడు సిస్టర్ల బడిలో డిక్టేషన్‌కు వరసగా నాలుగేళ్ళు మొదటి బహుమతి కొట్టాడు. ఆ బహుమతి అతనికి మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. తప్పు అక్షరం కనబడితే చెయ్యి దురద పెట్టేది. శ్మశానంలో సమాధి రాళ్ళను కూడా సుద్దముక్కతో దిద్దేవాడని చెప్పుకుంటారు. చనిపోయినవాళ్ళెవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

పగలంతా డాక్టర్ల చీటీలు చదివి మందులివ్వడం అతని పని. షాపు కప్పు మీద ఒక లౌడ్‌స్పీకర్ ఉండేది. వారం పొడుగునా అందులో చావు కబుర్లు, తప్పిపోయిన పందులు, కొత్తగా వచ్చిన దగ్గు మందు. ఆదివారం నాలుగింటికి, ఊరంతా కునుకు తీసి లేచే వేళకి మాత్రం గంటసేపు రొసెందో గ్రామఫోను పాటలు. అవీ అన్ని పాటలూ కాదు. తన మాట తానే రాసుకుని, తన పాట తానే కట్టుకున్న ఆడవాళ్ళవే.

"మగవాళ్ళు రాస్తే ఏమయ్యా, చెవుల్లోకి దూరవా?" అని దోన్ నజీబ్ ఎగతాళి చేస్తే, "ఆడదాని నోట్లో మగవాడు పెట్టే పాట పళ్ళసెట్టు లాంటిది దోన్ నజీబ్. నమలడానికి పనికొస్తుంది, నవ్వడానికి పనికిరాదు" అన్నాడు రొసెందో.

మూడు నెలలకోసారి లాంచీలో వచ్చే రికార్డుల వర్తకుడు కుస్తోదియో పెట్టెల్లో రొసెందో అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికేవాడు. కొండల్లో ఒక బడిపంతులమ్మ, హవానాలో బట్టలు కుట్టే ఆవిడ, ఎక్కడో దక్షిణాన గనుల ఊళ్ళో ఒక గని కార్మికుడి భార్య. అట్ట మీద బొమ్మకు కూడా నోచుకోని ఇలాంటివాళ్ళే అతనికి కావలసింది. దొరికితే దాచుకునేవాడు కాదు, ఊరికి రాసిచ్చేవాడు. నిద్ర పట్టడంలేదని ఎవరైనా వస్తే మాత్రల పొట్లం వెనక ఒక పాట పేరు, దాని కింద: "భోజనం తర్వాత. ఒంటరిగా. రెండుసార్లు వినాలి." గ్రామఫోను లేనివాళ్ళు షాపు వెనక బల్ల మీద కూర్చుని విని వెళ్ళేవాళ్ళు. మాత్రలు మర్చిపోయి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

ఇక ఆ మూడక్షరాల సంగతి. మా భాషలో లేడీ డాక్టరు పేరుకు ముందు డి, ఆర్, ఎ అని రాస్తారు. రోజుకు నలభై చీటీల మీద రొసెందో చూసేది అదే. ఒకసారి కుస్తోదియో పెట్టెలో దొరికిన రికార్డు మీద, పాట కట్టినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఆ మూడక్షరాలే కనిపించాయి. పేరు లేదు, ఇంటిపేరు లేదు. డాక్టరమ్మ, అంతే. ఇంకో రికార్డు తీస్తే దాని మీదా ఆవిడే. అక్షరాల మధ్య చుక్కలున్నాయి, అచ్చుతప్పులనుకున్నాడు. మనసులో దిద్దుకున్నాడు కూడా.

మొదటి ఏడు డాక్టరమ్మ కార్తహేనాలో పిల్లల వైద్యురాలు. రెండో ఏడు ఆవిడ పెళ్ళి వద్దనుకుంది. నాలుగో ఏటికి ఒక కాలు కాస్త కుంటిదైంది. రొసెందో అబద్ధమాడాలని ఆడలేదు. పాటకూ పాటకూ మధ్య సూది మార్చేటప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా, ఇష్టమైన మనిషి గురించి చెబుతూ ఉంటే ఆ మనిషికి ఇల్లూ వాకిలీ వాటంతటవే వచ్చేస్తాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిడను దేవుడి గదిలో పెట్టుకున్నంత పని చేశారు. ఇద్దరు తల్లులు ఆడపిల్లలకు డాక్టరమ్మ అని బాప్తిస్మం ఇమ్మంటే పాద్రే ససేమిరా అన్నాడు. ఒక పిల్లకే ఇచ్చాడు.

ముప్ఫైయేడు పాటల్లో రొసెందో ప్రాణం పెట్టుకున్నది ఒకటుంది.

"పేరు పోతే పోనీరా, రేవు మిగిలితే చాలు.
నీ మాట నీటిచుక్క, నా గుండె కాగే నూనె."

దీనిమీద ఒక ఆదివారం అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. "విన్నారా? పేరు పోతే పోనీ అంటోంది. అందుకే రికార్డుల మీద తన పేరు వేయించుకోలేదు! ఇక నూనెలో నీటిచుక్క చూడండి. అది రసాయన శాస్త్రం. చదువుకున్న మనిషికి తప్ప ఆ పోలిక తట్టదు." బెంచీల మీద ఆడవాళ్ళు తలలూపారు. వాళ్ళలో చాలామంది ఆ పొద్దున్నే వంటింట్లో నూనె చిటపటలకు చేతులు కాల్చుకున్నవాళ్ళు. వాళ్ళకూ అది రసాయన శాస్త్రమే అనిపించింది.

షాపు గుమ్మానికి ముప్ఫై అడుగుల దూరంలో, పాత రేవు మెట్ల దగ్గర, రేకు పంచ కింద కసిల్దా పొయ్యి. కర్రపెండలంలో మాంసం కూరి కరిమన్యోలాలు వేయించేది. రేవంటే పేరుకే రేవు. రొసెందో రాకముందే ఒక వానాకాలంలో మగ్దలేనా నది తూర్పు పాయలోకి మళ్ళిపోయింది. మెట్ల కింద ఇప్పుడు గడ్డి, మేకలు. లాంచీలు ఆగే కొత్త రేవు అరకోసు అవతల. పడవలవాళ్ళూ, హోటళ్ళూ అటు తరలిపోయినా కసిల్దా కదల్లేదు. రొసెందో రోజూ పొద్దున్నే రెండు కరిమన్యోలాలు అక్కడే నిలబడి తినేవాడు.

ఒక పొద్దున ఆమె పిండి ఒత్తుతూ ఆ పాటే కూనిరాగం తీస్తోంది. రొసెందో చెయ్యి దురద పెట్టింది.

"కసిల్దా, ఒక్క మాట. అది 'ఏరు పోతే' కాదు. 'పేరు పోతే'."

"అలాగా?"

"ఏరు పోవడమేమిటి? ఏరు ఎక్కడికి పోతుంది?"

కసిల్దా మెట్ల కింద మేస్తున్న మేకను ఒకసారి చూసింది. "నిజమే. ఎక్కడికి పోతుంది?"

"అర్థం తెలీకుండా పాడుతున్నావు నువ్వు. డాక్టరమ్మ చదువుకున్న మనిషి. ఆవిడ మాట మనం మార్చకూడదు."

"ఆవిడెక్కడ, మనమెక్కడ! వేడిగా ఉంది, నాలిక కాలుతుంది చూసుకోండి దోన్ రొసెందో."

నాలిక కాలింది. ఆ రోజు నుంచి రొసెందో నిలబడి ఉన్నంతసేపూ కసిల్దా 'పేరు' అని పాడేది. అతను షాపులోకి వెళ్ళగానే 'ఏరు' అని పాడుకునేది. లోపల కూర్చున్న అతనికి అదీ కొంచెం వినబడేది. అలవాటు మానాలంటే టైము పడుతుందిలే, మెరుగవుతోంది, అనుకున్నాడు. అలా చాలా ఏళ్ళు గడిచాయి.

పద్దెనిమిదో ఏడు కాండెలేరియా పండక్కి వారం ముందు కుస్తోదియో వచ్చాడు.

"డాక్టరమ్మవి కొత్తవేమైనా ఉన్నాయా?" అన్నాడు, అంతవరకూ ఎప్పుడూ తనే వెతుక్కున్న రొసెందో.

"ఏ డాక్టరమ్మ?"

రొసెందో రికార్డు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. కుస్తోదియో చూశాడు. ఒకసారి రొసెందో మొహం చూశాడు. తర్వాత రికార్డుల పెట్టె మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు.

"చుక్కలు కనబళ్ళేదా మహానుభావా? డి చుక్క, ఆర్ చుక్క, ఎ చుక్క. 'కర్త హక్కులు భద్రం' అని దానర్థం! పాట ఎవరు కట్టారో తెలీకపోయినా, తెలుసుకునే ఓపిక లేకపోయినా కంపెనీవాళ్ళు ఆ ముద్ర గుద్దేస్తారు."

"అంటే ఈ ముప్ఫైయేడు పాటలూ..."

"ముప్ఫైయేడు మందివి అయ్యుండొచ్చు. చాకలావిడ, గొర్రెలకాపరి, జైల్లో ఉన్న సార్జెంటు. ఎవరైనా కావచ్చు."

గల్లా దగ్గర దోన్ నజీబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే మన డాక్టరమ్మకు కుంటి కాలే కాదు, మీసాలు కూడా ఉన్నాయన్నమాట."

రొసెందోకు నవ్వు రాలేదు. కుస్తోదియోకు జాలేసి ఒక కబురు చెప్పాడు. 'పేరు పోతే' పాట ఉన్న రికార్డు కంపెనీవాళ్ళు మళ్ళీ అచ్చు వేస్తున్నారు. కట్టిన మనిషి దొరికి, ఊరి ముందు నాదేనంటే, పాద్రే, మునిసిపాలిటీ గుమాస్తా కాగితం మీద సంతకం పెడితే, ఈసారి ఆ ముద్ర తీసేసి పేరు వేస్తారు. తన లాంచీ తిరిగి వెళ్ళేది సోమవారం. "ఆ పాట ఈ చుట్టుపక్కలదేనట. బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడొకడు పండక్కి వచ్చి, ఏదో రేవులో తింటూ విన్నాడట. వాడు నేర్పితే పట్నం అమ్మాయి పాడింది. వాడికి పాట గుర్తుంది కానీ వండిన మనిషి పేరు అడగలేదు."

ఏదో రేవులో తింటూ.

ఆ మధ్యాహ్నం ఊరు కునుకు తీస్తుండగా రొసెందో తలుపులు మూసి, గ్రామఫోను గొట్టంలో తువ్వాలు కుక్కి, ఆ ఒక్క ముక్కనే పదే పదే వేశాడు. పట్నం అమ్మాయి గొంతులో 'పేరు' వినబడింది. మళ్ళీ వేశాడు. ఏరు పోయి రేవు మిగిలిన ఊరు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? నీటిచుక్క పడితే కాగే నూనె ఏం చేస్తుందో రోజంతా చూసేదెవరు? కొండల్లో పంతులమ్మను వెతికి పట్టుకున్నాడు, హవానాలో కుట్టుపనామెను పట్టుకున్నాడు. ముప్ఫై అడుగుల దూరం తల తిప్పలేదు. తల తిప్పకపోతే పోనీ. ఆమె చేతి వంట తింటూ, ఆమె నోట్లో మాట లాగేసుకుని, ఆమెకే పాఠం చెప్పాడు. ఏరు ఎక్కడికి పోతుంది అని ఎండిన ఏటి ముందు నిలబడి అడిగాడు.

పాద్రే దగ్గరికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాడు. "ఒక అక్షరం దిద్దాను పాద్రే."

"దిద్దడం పాపం కాదు నాయనా."

"ఎవరిది దిద్దానో కూడా వినండి."

విన్నాక పాద్రే జపమాల తీసి చేతికిచ్చాడు. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నాడు. రొసెందో మూడు చెప్పాడు, తర్వాత ముప్ఫై చెప్పాడు.

రెండు రోజులు కసిల్దా పొయ్యి వైపు పోలేదు. ముఖం చెల్లక వెనక గుమ్మం నుంచి షాపులోకి వచ్చాడు. మూడోనాడు, శనివారం, వెళ్ళక తప్పలేదు.

"కసిల్దా, మీరు..."

ఆమె గరిటె గాల్లో ఆగింది. "మీరా? నాకేమైనా పెద్ద రోగం వచ్చిందా, మందుల షాపులో ముందే తెలిసిందా? పద్దెనిమిదేళ్ళుగా లేని 'మీరు' ఏంటి?"

"ఆ పాట మీదే కదూ?"

"ఏ పాట?"

"ఏరు పోతే పోనీరా."

"ఏరు కాదండీ, పేరు." కసిల్దా చాలా ఓపిగ్గా చెప్పింది. "ఏరు ఎక్కడికి పోతుంది?"

రొసెందో తల వంచుకున్నాడు. "నన్ను కొట్టండి. తిట్టండి. కానీ వినండి." మూడక్షరాల సంగతి, ట్రంపెట్‌వాడి సంగతి, సోమవారం లాంచీ సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "రేపు మైకులో ఊరందరి ముందూ నా తప్పు ఒప్పుకుంటాను. మీరు ఒక్క మాట అంటే చాలు, నాదేనని. రికార్డు మీద మీ పేరు పడుతుంది."

"పక్కకు జరుగు. నీ నీడ పడి నూనె కనబడ్డంలేదు."

జరిగాడు. కసిల్దా నాలుగు కరిమన్యోలాలు వదిలింది. అవి తేలాక అంది:

"మొన్న ఎవరిస్తా వచ్చింది. తెలుసుగా, చేపల వలలు అల్లేది. ఇన్నేళ్ళూ మొగుడు తన్నినప్పుడల్లా పడుండేది. పోయిన నెల వాడు బయట ఉండగా లోపల్నుంచి గడియ పెట్టేసిందట. ఇప్పటికీ తియ్యలేదు. ఎలా తెగించావే అంటే, 'డాక్టరమ్మ చెప్పింది కదా కసిల్దా, పోతే పోనీ అని' అంది. నాతో అంది!"

"చెప్పింది మీరే కదా!"

"నేను చెప్పుంటే ఏమనేదో తెలుసా? 'సరేగానీ ఇంకో రెండు వెయ్యి, బాగా ఎర్రగా' అనేది."

"అదే కదా అన్యాయం! దాన్నే సరిచేద్దామంటున్నాను."

"దిద్దడమంటే నీకెంత ఇష్టం నాయనా!" అంది కసిల్దా. ఆకులో రెండు పెట్టి చేతికిచ్చింది. "తిను. తినకపోతే అదో పాపం."

తిన్నాడు. "రేపు వస్తారా?"

"మైకు ముందుకు రావాలంటే మంచి గౌను ఇస్త్రీ చేసుకోవాలి" అంది ఆమె. రొసెందో దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. ఆ మాత్రం ఆశ లేకపోతే ఆ పూట గడిచేది కాదు.

ఆదివారం నాలుగింటికి షాపు ముందు బెంచీలు చాలక జనం పాత రేవు మెట్ల మీద కూర్చున్నారు. పాద్రే వచ్చాడు. మునిసిపాలిటీ గుమాస్తా కాగితం, కలం తెచ్చి దోన్ నజీబ్ బల్ల మీద పెట్టుకున్నాడు. కుస్తోదియో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కసిల్దా నీలం గౌను వేసుకుని, చేతి సంచితో, ఒక పక్కగా ఉంది.

రొసెందో మైకు అందుకున్నాడు. ఏమీ దాచలేదు. డాక్టరమ్మ లేదన్నాడు. కార్తహేనా లేదు, కుంటి కాలు లేదు, అన్నీ తను కల్పించినవే. డిక్టేషన్ బహుమతి గురించి చెప్పాడు, చుక్కల గురించి చెప్పాడు. "ఆ పాట కట్టిన మనిషి మన మధ్యనే ఉంది. రోజూ మనకు వండి పెడుతుంది. ఆమె పాటను ఆమె ముందే తప్పన్నవాణ్ణి నేను."

చప్పట్లు కొడతారనుకున్నాడేమో. ఎవరూ కదల్లేదు. తన ఎదురుగా ముందు బెంచీలో ఎవరిస్తా కూర్చుని ఉంది. రొసెందో ఆమె మొహం చూశాడు. లోపల్నుంచి తను పెట్టుకున్న గడియను బయటివాళ్ళెవరో తీసేసినట్టుంది ఆ మొహం. ఆమె పక్కామె మెల్లగా, "అయితే మనకు చెప్పిందెవరే?" అని అడుగుతోంది.

ఇంకొకరికి చేసిన తప్పు దిద్దబోయి, ఈ బెంచీ నిండా కూర్చున్నవాళ్ళకు మరో తప్పు చేశానని అతనికి అప్పుడు తట్టింది. కానీ మైకు అప్పటికే కసిల్దా చేతిలో ఉంది.

"ఇందులోకేనా మాట్లాడేది?" లౌడ్‌స్పీకర్ కీచుమంది. ఆమె కొంచెం దూరం పెట్టుకుంది. ఎవరిస్తా వైపు చూసింది. తర్వాత అందరి వైపూ చూసింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా, దోన్ రొసెందోకు ఎండదెబ్బ తగిలింది. మంచి మనిషే, తలకు తడిగుడ్డ వెయ్యండి. పాట కట్టడమేంటి, నేనేంటి? నాకు సంతకమే రాదు. డాక్టరమ్మ ఎందుకు లేదు? ఉంది. నేను చూశాను. కుంటిది కూడా, ఎడమ కాలు. ఏరు ఇక్కడున్న రోజుల్లో పడవ దిగి, ఈ మెట్ల మీదే కూర్చుని నాలుగు తిని వెళ్ళింది. ఉప్పు సరిపోయిందంది."

బెంచీల్లో ఎవరో ఊపిరి వదిలారు. ఎవరిస్తా నడుం నిటారుగా పెట్టింది.

"ఇంకో మాట. రికార్డులో ఒక్క చోట తప్పు పడిందని ఆవిడే నాకు చెప్పింది. పేరు కాదట. ఏరు. ఏరు పోతే పోనీరా. ఇకనుంచి అందరూ సరిగ్గా పాడండి."

బల్ల దగ్గర గుమాస్తా కలానికి మూత పెట్టేశాడు. పాద్రే ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. రొసెందో రెండు చేతులూ జోడించి ఆమె దగ్గరికి వచ్చాడు.

"కసిల్దా, అలా అనకండి. ఆ పొయ్యి దగ్గర, మీరు 'ఏరు' అని పాడుతుంటే, కాదు 'పేరు' అని నేనే కదా దిద్దింది? ఆ ఒక్కటైనా ఒప్పుకోండి."

కసిల్దా మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది, అరకోసు అవతల కొత్త రేవు దాకా వినబడేలా.

"నన్నెవరూ దిద్దలేదు. నేను పాడితే ఈయన ఎప్పుడు విన్నాడు? ఇంతసేపూ ఈయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నిజం లేదు."